పేరులేని మీటలు

విండోస్ 10 అను నిర్వాహక వ్యవస్థకు దాని సంస్థ ఇచ్చుచు వచ్చిన సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. దాని తరువాత వచ్చిన విండోస్ 11 కోరు అర్హతలు లేని పాత ల్యాప్‌టాప్‌లు ఆనాటితో లోకమంతట దిక్కులేనివై మిగిలినవి. వాటి తెరలు చెడలేదు, మీటలు అరిగిపోలేదు, లెక్కలు చేయు శక్తి తగ్గలేదు. వాటికి కాలము చెల్లినదని ఒకరు నిర్ణయించిరి, అంతే. నిజామాబాదు పట్టణములోను, బోధను, వర్ని, కోటగిరి ప్రాంతములందలి చెరకు, వరి పల్లెలలోను చదువుకొను పిల్లలకు క్రొత్త యంత్రమును కొనుట చిన్న మాట కాదు. పాత యంత్రము నిలబడినచో ఒక విద్యార్థి చదువు నిలబడును. అట్టి యంత్రమునకు లినక్స్ మరల ఊపిరి పోయగలదు. దానికి వెల లేదు. దాని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును.

అయితే తరచుగా కథ అక్కడనే అడ్డము తిరుగును. లినక్స్ ఎక్కును. అక్షరములు పడును. పాఠములు తెరపై కనబడును. కాని తెర వెలుగును పెంచు మీట పలుకదు. ధ్వనిని తగ్గించు మీట పలుకదు. విమానపు బొమ్మగల మీటను పొరపాటున తాకినచో వైఫై ఆగిపోవును. మరల నొక్కినను రాదు. ఎండ పడు తరగతి గదిలో మసకబారిన తెరను ముందిడుకొని పిల్లలు కన్నులు చిట్లించుకొందురు. రెండు రోజులు చూచి, "ఈ లినక్స్ మనకు పనికిరాదు" అని తీర్పు చెప్పి, యంత్రమును బీరువాలో పెట్టి తాళము వేయుదురు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని సామెత. ఇక్కడ ఆడువారి తప్పు కొంత లేకపోలేదు. మద్దెలయు నిజముగా ఓడుదే కావచ్చును. కాని ఆ మద్దెలను చేసినవానిని మాత్రము ఎవరును ప్రశ్నించుట లేదు.

ఈ తీర్పు తొందరపాటు తీర్పు. పలుకని మీట లినక్స్ అసమర్థతకు గుర్తు కాదు. ఆ మీటకు అర్థమేమో దానిని చేసినవారు లోకమునకు చెప్పలేదనుటకు అది గుర్తు. ఆ అర్థమును వెదకి పట్టుకొని, నలుగురికి తెలియునట్లు వ్రాసిపెట్టుట పాఠశాలలు చేయదగిన పని.

ఈ సందర్భమున బోధను రైతుకు తెలిసిన విద్య నొకదానిని తలచుకొనుట మేలు. మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము ఈ ప్రాంతమును చెరకు సీమగా మార్చినది. జలాశయమునుండి ప్రధాన కాలువ, దానినుండి ఉపకాలువలు, వాటి తూములనుండి పంటకాలువలు, తుదకు మడి. చివరి మడికి నీరు రానినాడు తెలివిగల రైతు సాగరము ఎండిపోయినదని కేకలు వేయడు. పారను భుజమున వేసికొని గట్టువెంట పైకి నడచును. తన మడివద్ద బోదె పూడినదా? తూము మూయబడియున్నదా? ఉపకాలువలోనే నీరు లేదా? నీరు ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగినదో తెలిసినచో సగము పని ఐనట్లే.

ల్యాప్‌టాప్ మీట సంగతియు ఇట్టిదే. ఎఫ్‌ఎన్ అని వ్రాసియున్న మీటను చాల యంత్రములలో ముందుగా గ్రహించునది నిర్వాహక వ్యవస్థ కాదు. పలక అడుగున నుండు ఎంబెడెడ్ కంట్రోలర్ అను చిన్న చిప్పు. ఎఫ్‌ఎన్‌తో కలిపి వెలుగు మీటను నొక్కగా ఆ చిప్పు ఆ వార్తను సాధారణముగా మూడు దారులలో ఒకదాని గుండ పంపును. మొదటిది అక్షరముల మీటలు నడచు దారి; అందు ప్రతి మీటయు ఒక సంఖ్యగా ప్రయాణము చేయును. రెండవది ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి 1996లో ప్రకటించిన ఏసీపీఐ అను ఏర్పాటు. మూడవది దానిపై మైక్రోసాఫ్ట్ అల్లిన డబ్ల్యూఎంఐ అను దారి. ఈ మూడవ దారిలో ప్రతి తయారీదారును తనకు తోచిన గుర్తులను తనకు తోచిన అర్థములతో పెట్టుకొనవచ్చును. లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌లో ఆ గుర్తుల అర్థము నెరిగిన డ్రైవరు ఉన్నచో, వార్త "వెలుగు పెంచుము" అను ఆజ్ఞగా మారి, డెస్క్‌టాప్‌ను చేరి, అమలు జరుగును. డ్రైవరు లేనిచో కాలువ నిండుగా పారుచున్నను తూము తెరువనట్లు వార్త అక్కడనే నిలిచిపోవును.

మరి అక్షరముల మీటలు ఎల్లయెడల ఎందుకు పలుకుచున్నవి? ఇది తెలుగు ఉపాధ్యాయుడు తప్పక తెలిసికొనదగిన ముచ్చట. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము లభించినది. తెలుగు "అ" కారమునకు అందు కేటాయింపబడిన సంఖ్య దశాంశ పద్ధతిలో 3077. ఆ సంఖ్య ఎవరి ఇనుపపెట్టెలోను లేదు. అదే 1991లో భారత ప్రమాణముల సంస్థ ప్రకటించిన ఐఎస్ 13194 అను ప్రమాణములో భారతీయ లిపులకు సామాన్యమైన ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికయు చేరియున్నది. లినక్స్‌కు బీజము పడినదియు 1991లోనే. హెల్సింకిలో చదువుకొనుచుండిన లీనస్ టోర్వాల్డ్స్ ఆ సంవత్సరముననే దానిని లోకమున కెరిగించినాడు. సంఖ్య బహిరంగమగుటచేత తెలుగు అక్షరము ఏ యంత్రముపైనైనను, ఏ వ్యవస్థలోనైనను తన రూపముతో నిలుచుచున్నది. వెలుగు మీట సంఖ్య అట్లు వెలువడలేదు. అందుచేత ఒక సంస్థ యంత్రములో పలుకునది మరియొక సంస్థ యంత్రములో మూగపోవుచున్నది. అక్షరమునకు దక్కిన స్వాతంత్ర్యము ఆ ప్రక్కనే యున్న మీటకు దక్కలేదు.

ఈ బాధ నేటిది కాదు. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థవారి లేసర్ ముద్రణయంత్ర మొకటి వచ్చినది. అక్కడ పనిచేయు రిచర్డ్ స్టాల్‌మన్ అంతకుముందున్న యంత్రమునకు, కాగితము ఇరుక్కొన్నప్పుడు ఆ వార్త అందరికి తెలియునట్లు సాఫ్ట్‌వేరును దిద్దియుండెను. క్రొత్త యంత్రమునకును అట్లే చేయబోగా దాని మూలరచన దొరకలేదు. అది కలిగియున్న వేరొక విశ్వవిద్యాలయపు పరిశోధకుని అడుగగా, ఎవరికిని ఇవ్వనని మాట ఇచ్చియుంటినని ఆతడు నిరాకరించెను. చిన్న కాగితపు ఇరుకు చివరకు పెద్ద ప్రశ్న యైనది. 1983 సెప్టెంబరులో స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించుటకు వెనుకనున్న అనుభవములలో ఇది ఒకటి. తన బల్లమీది యంత్రము ఏమి చేయుచున్నదో తెలిసికొను హక్కు తనకు కలదా లేదా అనునదే ఆ ప్రశ్న. పలుకని వెలుగు మీటను ముందిడుకొని కూర్చున్న విద్యార్థి ముందరను నేడు అదే ప్రశ్న నిలిచియున్నది.

ఇక గట్టువెంట నడచు విధానము. మొదట తెర అమరికలలోనికి పోయి, అక్కడి వెలుగు పట్టీని చేతితో జరిపి చూడవలెను. తెర వెలుగు మారినచో వెలుగు కాలువ బాగుగనే ఉన్నది. మీట వార్త మాత్రమే అందుట లేదు. పట్టీకిని లొంగనిచో తప్పు మీటది కాదు, తెర డ్రైవరుది. వెదకవలసిన చోటు వేరు. రెండవది, ఈవీటెస్ట్ అను పనిముట్టును నడిపి మీటను నొక్కవలెను. యంత్రమునకు అందిన సంఖ్య తెరపై కనబడును. మూడవది, డి, ఎం, ఇ, ఎస్, జి అను ఐదు అక్షరముల ఆజ్ఞతో కెర్నెల్ దినచర్యను చదువవలెను. తనకు తెలియని మీట మొదటి దారిలో వచ్చినచో కెర్నెల్ మౌనముగా ఉండదు. గుర్తుతెలియని మీట నొక్కబడినదని వ్రాసి, దాని సంఖ్యను చెప్పి, దానిని తెలిసినదానిగా చేయుటకు ఏ ఆజ్ఞను వాడవలెనో కూడ సూచించును. తెలియదని ఒప్పుకొని, తెలిసికొను దారిని చూపునట్టి ఈ గుణము మంచి గురువు గుణము.

సంఖ్య దొరికిన పిమ్మట మిగిలినది నామకరణమే. లినక్స్‌లో మీటల నామావళి ఒకటి సామాన్య పాఠముగా ఉండును. ఈ సంస్థవారి ఈ నమూనాలో ఈ సంఖ్య వచ్చినచో ఇది వెలుగు పెంచు మీట అని అందొక పంక్తి వ్రాసి, నామావళిని నవీకరించినచో మూగమీట పలుకును. ఎక్కడను ఏ సంఖ్యయు కనబడనిచో మరికొన్ని తావులు చూడవలసియుండును. ఫంక్షన్ మీటల తీరును మార్చు అమరిక యంత్రపు బయాస్‌లో ఏదైన ఉన్నదా, ఆ సంస్థ యంత్రములకై వ్రాయబడిన డ్రైవరు కెర్నెల్‌లో ఎక్కియున్నదా, అంతకంటె క్రొత్త కెర్నెల్‌లో ఆ లోపము దిద్దబడినదా అని వరుసగా పరీక్షింపవలెను. ఒక్కొక్కసారి ఒక అడుగు, ఒక మార్పు, ఒక పరిశీలన. విజ్ఞానశాస్త్రపు తరగతిలో ప్రయోగ పద్ధతి యని చెప్పునది ఇదియే గదా!

ఈ వెదకులాటలో ఎదురగు చిక్కులలో కొన్ని కథలవలె నుండును. మైకును మూయు మీటకు లినక్స్ కెర్నెల్ 248 అను సంఖ్య నిచ్చినది. 1987లో రూపొందిన ఎక్స్ 11 అను తెర వ్యవస్థలో ఏ మీట సంఖ్యయు 255ను మించరాదు. పైగా కెర్నెల్ సంఖ్యకు అది 8 చేర్చి లెక్కించును. 248కి 8 చేర్చగా 256. ఒక్క అంకె అధికమైనందున ఆ మీట తెరవరకు చేరనే లేదు! దిద్దుబాటుగా దానికి ఎఫ్ 20 అను వేషము తొడిగి పంపిరి. మీట చెడలేదు, డ్రైవరు చెడలేదు. ఎన్నో యేండ్ల క్రింద వేసిన గీత ఒకటి అడ్డు వచ్చినది. కారణము తెలియనంతకాలము అది దయ్యపు పని. తెలిసిన పిమ్మట మూడవ తరగతి కూడిక.

మరియొక ముచ్చట. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వైఫైని ఆపుటకు ప్రత్యేకమైన మీట అసలు లేకపోయినను, లోపలి చిప్పు "మీట ఆపియున్నది" అని కెర్నెల్‌కు చెప్పుచుండెను. లేని మీటను ఎవరు తిప్పగలరు? ఆ యంత్రములు కొన్నవారు ఒక్కొక్కరుగా తమ నమూనా పేరును వ్రాసి పంపగా, ఆ సంస్థ యంత్రములకు సంబంధించిన డ్రైవరులో ఒక జాబితా ఏర్పడినది. ఈ నమూనాలలో అట్టి మీట లేదు, చిప్పు మాటను నమ్మవలదు అని దాని భావము. ఒకరు వ్రాసిన ఒక్క పంక్తి అదే నమూనా కొన్న వారికందరికి, వారు ఏ దేశమున నున్నను, ఉపకరించినది. వారెవరును దానికి రుసుము చెల్లింపలేదు.

వ్రాసిపెట్టిన జ్ఞానమునకు, వ్రాయని జ్ఞానమునకు గల భేదమును బోధను వాసులకు ఎవరును వేరుగ బోధింపనక్కరలేదు. 1937లో నెలకొని, శక్కర్‌నగరమను పేరుగల ఊరినే తనచుట్టు కట్టుకొన్న నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. చక్కెర పరిశ్రమలో పాకమును కాచు నిపుణుడు పాత్రనుండి చిన్న కడ్డీతో కొంత పాకమును తీసి, గాజుపలకపై పూసి, పలుకు కట్టినదా లేదా అని కంటితోను, వ్రేలితోను నిర్ణయించును. ఏండ్ల తరబడి చేతిలో పండిన ఆ విద్య పుస్తకములో సగమైనను ఉండదు. కర్మాగారపు కూత ఆగినప్పుడు యంత్రములు చోటనే మిగులును. చేతులు మాత్రము తలకొక దారి పట్టును. ఇనుము తుప్పు పట్టుట కంటికి కనబడును. చేతులలోని విద్య చెదరిపోవుట కనబడదు. నేడు ఏ పాఠశాలలోనో ఒక విద్యార్థి కష్టపడి ఒక మీటను పలికించి, ఆ సంగతి ఎక్కడను వ్రాయక వెడలిపోయినచో జరుగునదియు అదియే. మరుసటి యేట వచ్చువాడు మరల మొదటినుండి ఆరంభింపవలెను.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఉపాధ్యాయునికి పాఠ్యప్రణాళికయే తల మునిగినంత పని. యంత్రములు బాగుచేయుట ఆతని ఉద్యోగము కాదని కొందరందురు. ఇది నిజమే. ఏ ఉపాధ్యాయుడును మెకానిక్ కానక్కరలేదు. కాని తరగతిలో ఇద్దరు ముగ్గురైనను పలుకని వస్తువును చూచి ఊరకుండలేని పిల్లలుందురు. వారికి కావలసినది అనుమతి, కొంత సమయము, చెడిపోయినచో తిట్టరను ధైర్యము. యంత్రములోని అవసరమైన దస్త్రములను ముందుగా వేరొకచోట భద్రపరచినచో ఆ ధైర్యము నిచ్చుట కష్టము కాదు. పాఠశాలలలో లినక్స్ నిలువదను మాటకు కేరళము సమాధానము చెప్పుచున్నది. ఆ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్య చాల ఏండ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపైననే సాగుచున్నది.

రెండవ ఆక్షేపణ భాషను గూర్చినది. కెర్నెల్ చెప్పు మాటలు, సహాయ పత్రములు దాదాపు అన్నియు ఆంగ్లములోనే ఉన్నవి. తెలుగు మాధ్యమపు విద్యార్థి వాటిని చూచి జంకును. ఈ తప్పు యంత్రములు చేసినవారిది కాదు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ప్రేమించువారిదే. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను సంస్థ లినక్స్‌కు తెలుగు ముఖము కల్పించుటకు శ్రమించినది. పట్టికలు, ఆజ్ఞల పేర్లు తెలుగులో కనబడుట మంచి ఆరంభము. కాని మీట పలుకనినాడు ఏమి చేయవలెనో చెప్పు పది పుటల చిన్నపుస్తకము తెలుగులో ప్రతి పాఠశాలకు అందిననాడు గాని ఆ పని పూర్తి కాదు.

మూడవది, అన్ని మీటలును పలుకవు. తయారీదారు పూర్తిగా దాచిన గుర్తును ఎంత వెదకినను పట్టుకొనలేని సందర్భములుండును. అప్పుడు పంతమునకు పోరాదు. వెలుగు పట్టీని తెరపైననే జరుపుకొనవచ్చును. వేరొక మీటల జంటకు ఆ పనిని అప్పగింపవచ్చును. క్రొత్త యంత్రములు కొనునప్పుడే ఆ నమూనా లినక్స్‌తో సరిగా పనిచేయునా అని విచారించుట అన్నిటికంటె తెలివైన పని. పాఠశాలలు, కళాశాలలు పదులకొలది యంత్రములను ఒకసారి కొనును. కొనువారందరును ఈ ఒక్క ప్రశ్న అడుగుట నేర్చినచో అమ్మువారు సమాధానము సిద్ధము చేసికొందురు. అడుగనంతకాలము దాచుకొందురు.

ఇక చేయవలసినది పెద్దది కాదు. ప్రతి పాఠశాలలోను ఒక నోటుపుస్తకము. అందు నాలుగు గడులు: యంత్రపు నమూనా పేరు, పలుకని మీట, అది పంపిన సంఖ్య, పలికించిన విధము. ఓడిపోయిన ప్రయత్నములను కూడ వ్రాయవలెను; పూడిన బోదె ఏదో తెలిసినచో తరువాతివాడు అక్కడ త్రవ్వడు. నిజామాబాదునకు దగ్గర డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థులు ఏడాదికొకమారు ఆ పుస్తకములను ప్రోగుచేసి, సరిచూచి, లినక్స్ సామాన్య నామావళికి పంపినచో అంతకంటె మంచి అభ్యాసము వారికిని దొరకదు. అప్పుడు వర్నిలోని ఒక బాలిక కనుగొన్న సంఖ్య అదే నమూనా యంత్రమును వాడు పరదేశి విద్యార్థికి కూడ పనికివచ్చును.

బీరువాలో తాళము వేసిన ల్యాప్‌టాప్‌ను మరల వెలికి తీయవలెను. దాని మీట ఒకటి నొక్కవలెను. అది ఏ సంఖ్య చెప్పునో చూచి, నోటుపుస్తకపు మొదటి గడిలో ఆ యంత్రపు పేరు వ్రాయవలెను.